శిలీంధ్రముల పుట్టుపూర్వోత్తరములు

పుట్టగొడుగు అను పేరు పెట్టిన మన పూర్వులు చూచి పెట్టినవారు. తొలకరికి తడిసిన చెదపుట్టపై రాత్రికి రాత్రి తెల్లని గొడుగులు విచ్చుకొని నిలుచును. పుట్టకును గొడుగునకును గల సంబంధమును వారు పేరులోనే పొదిగి మనకు విడిచిపోయిరి. నిలువయుంచిన పచ్చడిపై తేలిన పొరకు బూజనిరి. వరి ఆకులపై నిప్పు సోకి కమిలినట్టు మచ్చలు తేలినచో అగ్గితెగులనిరి. జొన్నకంకిలో గింజకు మాఱుగా నల్లని పొడి నిండినచో కాటుక తెగులనిరి. కల్లుకుండలో నురుగు పొంగించుదానికి మాత్రము, అది కంటికి కనబడనిదగుటచే, పేరు పెట్టలేదు. గొడుగు, బూజు, మచ్చ, కాటుక, నురుగు – ఈ అయిదింటికిని చుట్టరికము కలదనిన ఎవరు నమ్ముదురు? రూపములో పోలిక లేదు, ఉనికిలో పోలిక లేదు, మనకు చేయు మేలుకీడులలోను పోలిక లేదు. అయినను ఇవి యన్నియు శిలీంధ్రములను ఒక్క మహావంశమునకు చెందినవే.

ఇందుకు భిన్నమైన సంగతి యొకటి కలదు. మన గోదావరి సీమలోని తాటిచెట్లపై పరిశోధింపబడి, శిలీంధ్రమను పేరుతో ఎన్నియో యేండ్లు శాస్త్రగ్రంథములలో నిలిచిన సూక్ష్మజీవి యొకటి, తుదకు ఆ వంశమునకు చెందినదే కాదని తేలినది. పోలిక లేనివి చుట్టములగుట, పోలిక యున్నది పరాయిదగుట – ఈ రెండును ఎట్లు తెలిసినవో చెప్పుటకే యీ వ్యాసము. ఇది సుమారు మూడున్నర శతాబ్దుల కథ.

శిలీంధ్రమునకు వేరు లేదు, ఆకు లేదు, పూవు లేదు, కాయ లేదు. మొక్కలను పూవులనుబట్టి, కాయలనుబట్టి వర్గీకరించుటకు అలవాటుపడిన పండితులకు ఇది పెద్ద చిక్కు. విత్తనము కానరాదు గనుక కుళ్ళిన పదార్థమునుండి తమంతట తామే పుట్టుచున్నవని ప్రాచీన కాలమున పలువురు తలచిరి. ఉఱుములచే పుట్టునని యూరపు ఖండమునను అనుకొనిరి, మన పల్లెలలోను అనుకొందురు. ఉఱుమునకు వెనుక వాన యున్నది గనుక ఆ మాట పూర్తిగా తీసివేయదగినది కాదు.

1665లో లండను నగరమున రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు ‘మైక్రోగ్రాఫియా’ అను గ్రంథమును ప్రకటించెను. ఎఱ్ఱని గొఱ్ఱెతోలు అట్ట గల యొక చిన్న పుస్తకమునకు పట్టిన బూజును ఆయన సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచెను. సన్నని కాడలు, కాడల కొసలయందు గుండ్రని తలలు కనబడినవి. చూచినది చూచినట్లు చిత్రించెను. వానకాలము వెళ్ళగానే బీరువాలు తెఱచి పుస్తకముల నెండబెట్టు మన గ్రంథపాలకులకు ఈ సంగతి కొంత వింతగా నుండవచ్చును. సూక్ష్మశిలీంధ్రముల తొలి చిత్రములలో నొకటి గ్రంథాలయ శత్రువును చూచి గీసినదే.

హుక్ చూచెనే కాని అది యెట్లు పుట్టుచున్నదో తేల్చలేదు. ఆ పని ఫ్లారెన్సు నగరవాసి మిఖేలి చేసెను. ఆయన బూజుతలలనుండి రాలు సన్నని పొడిని కర్బూజా ముక్కలపై చల్లి కాచుకొని యుండెను. ఏ బూజు పొడి చల్లిన ఆ బూజే మొలచినది. పొడి విత్తనము వంటిదని, బూజు తనంతట తాను పుట్టదని దీనివలన తేలినది. దీనినే మన శాస్త్రగ్రంథములలో సిద్ధబీజమందురు. 1729లో వెలువడిన తన గ్రంథమున మిఖేలి యొక బూజునకు ‘ఆస్పర్‌జిల్లస్’ అని పేరు పెట్టెను. క్రైస్తవ దేవాలయములలో పవిత్రజలము చిలకరించు సాధనమునకు ఆ పేరు కలదు. బూజుతల దానిని పోలి యుండెనట. నేడు నిలువయుంచిన వేరుసెనగపప్పులలో విషము పుట్టించు పసుపుపచ్చని బూజు ఈ ప్రజాతిలోనిదే. మిఖేలి మాటను ఆనాడు నమ్మినవారు కొందఱే.

నమ్మనివారిలో సామాన్యులే కాదు, వర్గీకరణశాస్త్రమునకు పితామహుడనదగిన లిన్నేయసు మహాశయుడు కూడ నిశ్చయమునకు రాలేకపోయెను. 1753 నాటి తన వృక్షగ్రంథమున ఆయన శిలీంధ్రములను పూవులు లేని మొక్కలతో చేర్చి తుదితరగతిలో నుంచెను. పిదప ఒక జర్మను ప్రభువు, శిలీంధ్రముల పొడి నీటిలో పడిన పురుగులగునని, ఆ పురుగులు మరల శిలీంధ్రములగునని వ్రాసెను. లిన్నేయసు దానిని కొంతవఱకు నమ్మి, 1767లో తన మఱియొక గ్రంథమున పురుగుల తరగతికి చివర ‘కేయాస్’ అను ప్రజాతిని కల్పించి, అందు శిలీంధ్రబీజములకు చోటిచ్చెను. కేయాస్ అనగా అయోమయము. మొక్కలలోను జంతువులలోను రెంట కాలు పెట్టిన యీ జీవులకు ఆ పేరు తగినదే యని నాకు తోచును.

అయోమయమును తొలగించుటకు పూనుకొన్నవారిలో ఇద్దఱు ముఖ్యులు. పెర్సూన్ దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమున 1761లో జన్మించి, బాల్యముననే యూరపునకు పంపబడి, పారిసు నగరమున పేదఱికముతో జీవించెను. ఆయన 1801లో ప్రకటించిన గ్రంథము శిలీంధ్రములను క్రమపద్ధతిలో అమర్చుటకు మార్గదర్శియైనది. రెండవవాడు స్వీడను దేశీయుడగు ఎలియాస్ ఫ్రీస్ (1794–1878). ఈయన 1821నుండి 1832వఱకు సంపుటములుగా వెలువరించిన గ్రంథమే తరువాతి శతాబ్దపు పండితులకు ఆధారమైనది.

ఫ్రీస్ పద్ధతి యెంత సులువైనదో మన చదువరులు ఇంటివద్దనే చూడవచ్చును. విచ్చుకొన్న గొడుగును తెచ్చి, కాడను కోసివేసి, తలను తెల్లకాగితముపై బోర్లించి, పైన గిన్నె మూసి ఒక రాత్రి యుంచవలెను. తెల్లవాఱి తీసి చూచిన, గొడుగు క్రింది రేకుల అచ్చు పొడితో ముద్రపడి యుండును. ఆ పొడి కొన్నింటిలో తెలుపు, కొన్నింటిలో గులాబి, కొన్నింటిలో గోధుమవన్నె, కొన్నింటిలో ఊదా, కొన్నింటిలో నలుపు. గొడుగు రంగు ఎండకు, వానకు, వయస్సునకు మాఱిపోవును, పొడిరంగు మాఱదు. ఫ్రీస్ ఈ రంగులనుబట్టి గొడుగులను తెగలుగా విభజించెను. పచ్చిక బయళ్ళలో మొలచు తెల్లని గొడుగులలో ఒక దానికి పొడి ఆకుపచ్చగా నుండును. దానిని తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగును. అట్లని తెల్లపొడి గలవన్నియు తినదగినవని తలచరాదు. మనుష్యుని కాలేయమును పాడుచేసి చంపు ‘అమానిటా ఫాలాయిడిస్’ పొడి తెలుపే. పొడిరంగు తెగను చెప్పునే గాని విషమును చెప్పదు. ఎఱుగని గొడుగును తినకుండుటయే క్షేమము.

గొడుగులవఱకు కన్ను చాలినది. పైరు తెగుళ్ళ విషయమున చాలలేదు. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరునకు మాడు తెగులు సోకినది. పేదలకు ఆ దుంపయే అన్నము. తరువాతి కొన్ని సంవత్సరములలో సుమారు పది లక్షలమంది ఆకలివలనను, దానిని వెన్నంటి వచ్చిన జ్వరములవలనను మరణించిరి. మఱి సుమారు పది లక్షలమంది దేశము విడిచిపోయిరి. కుళ్ళిన ఆకులపై తెల్లని బూజు కనబడుచుండెను. బూజు కుళ్ళునకు కారణమా, కుళ్ళు బూజునకు కారణమా అను వివాదము చెలరేగెను. బూజే కారణమని బెర్క్‌లీ అను ఆంగ్ల మతాచార్యుడు 1846లోనే వ్రాసెను. జర్మను శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బరీ దానిని 1861లో ప్రయోగపూర్వకముగా నిరూపించి, 1876లో ఆ బూజునకు ‘ఫైటోఫ్తొరా’ అని పేరు పెట్టెను. మొక్కలను నాశనము చేయునదని ఆ పేరునకు అర్థము. ఈ పేరును చదువరులు గుర్తుంచుకొన గోరెదను. మన తాటిచెట్టు కథలో మరల వచ్చును.

డి బరీ తరువాత వర్గీకరణమంతయు సూక్ష్మదర్శినిపై నడచినది. ఇటలీ దేశపు సక్కార్డో 1882నుండి, అంతవఱకు వర్ణింపబడిన శిలీంధ్రముల నన్నింటిని సంపుటములుగా కూర్చనారంభించెను. సిద్ధబీజము రంగేమి, ఆకృతి యెట్టిది, అందు గదులెన్ని అని చూచి గూళ్ళలో సర్దినట్లు సర్దెను. వెదకి పట్టుటకు ఇది మిక్కిలి అనుకూలమైన పద్ధతి. చుట్టరికము చెప్పుటకు మాత్రము కాదు. ఒకే రంగు అట్టలు గల పుస్తకములను ఒక బీరువాలో పెట్టిన వెదకువానికి సులువే. ఆ పుస్తకములు ఒకే విషయమునకు చెందినవని దానివలన తేలదు గదా!

మఱియొక చిక్కు కూడ నుండెను. పెక్కు శిలీంధ్రములకు రెండు జీవితదశలు కలవు. లైంగిక దశలో ఒక రూపము, అలైంగిక దశలో వేఱొక రూపము. ఈ రెండును వేర్వేఱు కాలములలో వేర్వేఱుచోట్ల దొరకుటచే ఒకే జీవికి రెండు పేర్లు పడినవి. మన వరి అగ్గితెగులే ఇందుకు నిదర్శనము. ఆకుమచ్చలపై దొరకు రూపమునకు ‘పైరిక్యులేరియా’ అని పేరు. లైంగిక దశ పొలములో కనబడదు. దీని దగ్గఱి బంధువులలో 1971లో ప్రయోగశాలయందు దానిని రప్పింపగలిగిరి. ఆ దశకు పిదప ‘మాగ్నపోర్తే’ అను పేరు స్థిరపడినది. ఒక తెగులు, రెండు పేర్లు. లైంగిక దశ తెలియనివాటిని ‘అసంపూర్ణ శిలీంధ్రములు’ అని వేఱుగా నుంచిరి. అవి అసంపూర్ణములు కావు, వానిగూర్చిన మన తెలివి అసంపూర్ణము. ఈ తెగలో తంతువులపై బీజములు పుట్టు తీరును నిశితముగ పరిశీలించి క్రమపఱచినవారిలో మదరాసు విశ్వవిద్యాలయమునకు చెందిన సి. వి. సుబ్రమణియన్‌గారు ప్రపంచప్రఖ్యాతులు. వారి గ్రంథము ‘హైఫోమైసిటీస్’ 1971లో వెలువడినది.

ఇక తాటిచెట్టు సంగతి. గోదావరి డెల్టాలో తాడి లేని గట్టు లేదు. ఆకు ఇంటికప్పునకు, మాను దూలమునకు, ముంజలు పిల్లలకు, తేగలు చలికాలమునకు, కల్లు, బెల్లము సరేసరి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఈ చెట్లకు మొవ్వకుళ్ళు తెగులు విపరీతముగ వ్యాపించెను. తాడికి, కొబ్బరికి పెరుగుదల యంతయు మొవ్వలోనే. కొమ్మలు గల చెట్టునకు ఒక చిగురు పోయిన వేఱొకటి వచ్చును. మొవ్వ చచ్చిన తాడి మాత్రము చచ్చినట్లే. నడి ఆకు వాడి, మొవ్వ కుళ్ళి దుర్గంధము వెలువడి, తల రాలి, మోడు మిగులును.

దీనిని పరిశోధించినవాడు ఎడ్విన్ జాన్ బట్లరు. ఐర్లండు దేశీయుడు, వైద్యవిద్య చదివి వృక్షరోగములవైపు మఱలినవాడు. బీహారులోని పూసాయందలి వ్యవసాయ పరిశోధనాలయమున ప్రభుత్వ శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా నుండెను. దుంపతెగులు చంపిన దేశమున పుట్టినవాడు దాని దాయాది చంపుచున్న తాటితోపులకు వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును. ఆయన కుళ్ళిన మొవ్వనుండి సూక్ష్మజీవిని వేఱుచేసి, 1907లో ‘పిథియమ్ పామివోరమ్’ అని పేరు పెట్టెను. తాళజాతిని తినునదని భావము. చికిత్స మాత్రము మోటుదే. తెగులు తగిలిన చెట్టు తలను నఱికి కాల్చివేయవలెను, అది పొరుగుచెట్టునకు ప్రాకకుండ చూడవలెను.

పన్నెండేండ్ల తరువాత, 1919లో, బట్లరు తానిచ్చిన పేరును తానే మార్చి, ఆ జీవిని ‘ఫైటోఫ్తొరా’ ప్రజాతిలో చేర్చెను. కారణము చిన్నది, చక్కనిది. ఈ రెండు ప్రజాతులలోను సంచివంటి అవయవము కలదు. దానినుండి నీటిలో ఈదు బీజములు పుట్టును. పిథియములో సంచిలోని పదార్థము పలుచని పొరతో వెలుపలికి బుడగవలె వచ్చి, ఆ బుడగలో బీజములుగా విడివడును. ఫైటోఫ్తొరాలో సంచి లోపలనే బీజములు తయారై బయటికి ఈదుకొనివచ్చును. ఈ ఒక్క భేదముచే మన తాటితెగులునకు ఐర్లండు దుంపతెగులుతో చుట్టరికము కుదిరినది. రూపపరీక్ష యెంత సూక్ష్మముగ పనిచేయగలదో దీనివలన గ్రహింపవచ్చును. ఈ చుట్టరికమును తరువాతి జన్యుపరీక్ష కూడ కాదనలేదు. కాదన్నది వేఱొకటి, అక్కడికి వచ్చుచున్నాను.

అంతకు మునుపే శిలీంధ్రములు మొక్కలేనా అను సందేహము బలపడుచుండెను. వానికి పత్రహరితము లేదు, ఎండతో ఆహారము వండుకొనలేవు. 1811లో బ్రాకొనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పుట్టగొడుగులనుండి యొక పదార్థమును వేఱుచేసెను. తరువాత పురుగుల పెంకులలోను అదియే యున్నదని తెలిసి దానికి ‘కైటిన్’ అను పేరు వచ్చినది. రొయ్యపెంకు, పేడపురుగు పెంకు, పుట్టగొడుగు కణకవచము – మూడింటిలోను కైటిన్ కలదు. మొక్కల కణకవచము సెల్యులోజు. 1969లో అమెరికా శాస్త్రజ్ఞుడు విటేకరు జీవప్రపంచమును అయిదు రాజ్యములుగా విభజించి శిలీంధ్రములకు ఒక రాజ్యమునే యిచ్చెను. నేటికిని మన కళాశాలలలో వీనిని బోధించువారు వృక్షశాస్త్ర శాఖవారే. గ్రంథాలయములవారు కొంత చుఱుకుగా నడచుకొనిరి. డ్యూయీ దశాంశ వర్గీకరణమున చిరకాలము మొక్కల వరుసలో 589 సంఖ్య క్రింద నుండిన శిలీంధ్రములను 1996 నాటి కూర్పులో అచ్చటినుండి తీసి, సూక్ష్మజీవుల సరసన 579.5కు మార్చిరి.

ఇక జన్యుపరీక్ష. దీనిని వివరించుటకు తాటాకునే ఆశ్రయించెదను. అచ్చుయంత్రము రాకపూర్వము మన కావ్యములు తాళపత్రములపై నకలుకు నకలుగా నడచినవి. లేఖకుడు ఒకచోట అక్షరము తప్పును. ఆ ప్రతినుండి నకలు చేసినవారందఱును ఆ తప్పును మోయుదురు. పలుప్రతులను సరిపోల్చు పండితుడు, ఒకే తప్పు గల ప్రతులన్నియు ఒకే మూలప్రతినుండి దిగినవని నిర్ణయించును. అట్టలు చూచి కాదు, దారము చూచి కాదు, పాఠభేదములు చూచి. బ్రౌను దొర పండితులచే మన కావ్యములను పరిష్కరింపజేసినది ఇట్లు ప్రతులను సరిపోల్చియే.

ప్రతి జీవికణములోను ‘డి. ఎన్. ఏ.’ అను పొడవైన పదార్థమున్నది. దాని నిర్మాణమును వాట్సన్, క్రిక్ అనువారు 1953లో తెలిపిరి. నాలుగే అక్షరములు గల లిపి యది. తరతరమునకు నకలగునప్పుడు అరుదుగా అక్షరము తప్పును. ఆ తప్పు సంతతికి సంక్రమించును. రెండు జీవుల అక్షరములను ప్రక్కప్రక్కన నుంచి భేదముల నెంచిన, అవి యే తరమున విడివడినవో అంచనా కట్టవచ్చును. 1977లో ఈ అక్షరములను చదువు సులువైన పద్ధతిని సాంగరు కనుగొనెను. 1983లో మల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక అక్షరభాగమును గొట్టములో రెట్టింపులుగా నకలు చేయు ఉపాయమును ఊహించెను. ఒక ప్రతిని ముప్పది తడవలు రెట్టించిన 107 కోట్లకు మించును. గోరంత ఎండుముక్కయైనను చాలును. 1990లో కాలిఫోర్నియాలో నలుగురు శాస్త్రజ్ఞులు శిలీంధ్రములకు తగిన భాగములను ఎన్నుకొని, వానిని నకలు చేయు సాధనములను ప్రకటించిరి. అందు ‘ఐ. టి. ఎస్.’ అను భాగము ముఖ్యమైనది. రెండు ముఖ్యజన్యువుల నడుమ నున్న అప్రధాన భాగమది. ముఖ్యభాగమున తప్పుపడిన జీవి బ్రతుకుట కష్టము. అప్రధానభాగమున పడిన తప్పులు నిలిచి సాగును. కావుననే దగ్గఱి చుట్టములను వేఱుచేయుటకు అది యుపయోగపడును. 2012లో దానినే శిలీంధ్రముల గుర్తింపునకు సామాన్య ముద్రగా అంగీకరించిరి.

ఫలితములు పాతగ్రంథములలో చాల పుటలను తాఱుమాఱు చేసినవి. 1993లో జన్యువులను సరిపోల్చి చూడగా, శిలీంధ్రములు మొక్కలకంటె జంతువులకే దగ్గఱి చుట్టములని స్పష్టమైనది. లిన్నేయసు పురుగులతో చేర్చిన కారణము తప్పు. అయినను, ఎట్లో, ఆ దిక్కు పూర్తిగా తప్పు కాదు! బంతివలె నుండి పగిలిన పొగవలె పొడి రాల్చు శిలీంధ్రములను ఒక తరగతిగా నుంచుచుండిరి. అవి వేర్వేఱు వంశములనుండి వేర్వేఱుగా ఆ బంతిరూపమును పొందినవని తేలి, ఆ తరగతియే రద్దయినది. ముదిరినకొలది సిరావలె కఱగిపోవు గొడుగుల ప్రజాతిని 2001లో నాలుగుగా విడగొట్టిరి. మన పుట్టగొడుగు మాటయు చెప్పవలెను. చెదలు పుట్టలోపల పెంచుకొను ఈ ప్రజాతికి ‘టెర్మిటోమైసిస్’ అని 1942లో ఫ్రెంచి పండితుడు హీమ్ పేరు పెట్టెను. దక్షిణభారతమున దొరకు ఒక జాతిని మదరాసునుండి నటరాజన్‌గారు 1979లో వర్ణించి దానికి ఆ హీమ్ పేరే పెట్టిరి. దీని పొడి లేతగులాబి. జన్యువులు చూడగా తెల్లపొడి గొడుగులు మెండుగా గల కుటుంబములో దీనికి చోటు దొరకినది. ఫ్రీస్ సూత్రము ఇచట చెల్లలేదు.

ప్రాణములు నిలిపిన బూజు కథయు ఇట్టిదే. 1928లో ఫ్లెమింగ్ లండనులో పెన్సిలిన్‌ను కనుగొన్నపుడు, ఆ బూజును ‘పెనిసిలియమ్ రూబ్రమ్’ వంటిదని తలచిరి. పిదప ‘నొటాటమ్’ అనిరి. తరువాత ‘క్రైసోజీనమ్’లో కలిపిరి. 2011లో జన్యుపరీక్ష చేసి ‘రూబెన్స్’ అని నిర్ణయించిరి. ఎనుబదేండ్లలో నాలుగు పేర్లు. మందు మాత్రము ఒక్కటే. ఆ సంవత్సరముననే మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభవారు ఒక శిలీంధ్రమునకు ఒకే పేరుండవలెనని శాసించిరి. మన అగ్గితెగులు విషయమున చర్చ కొన్నాళ్ళు సాగి, 2016లో పాతపేరగు ‘పైరిక్యులేరియా ఒరైజే’నే నిలుపుట మేలని నిపుణుల సంఘము తీర్పుచెప్పినది.

తాటితెగులు సంగతియో? ఫైటోఫ్తొరా వంశము బూజువలె తంతువులు చాచును, బూజువలె బీజములు రాల్చును. కాని దాని కణకవచమున ముఖ్యముగ నున్నది కైటిన్ కాదు, సెల్యులోజు తెగ. దాని ఈతబీజములకు రెండు తోకలు, అందొకటి కుంచెవలె రోమములు గలది. నిజమైన శిలీంధ్రములలో ఈదు బీజము గలవానికి తోక సామాన్యముగ ఒక్కటే, వెనుక, నున్ననిది. ఈ భేదములను రూపపరీక్షకులే గమనించి సందేహించుచుండిరి. 1987లో ఈ వంశపు నీటిబూజు జన్యువును చదివి చూడగా, అది సముద్రపు గోధుమవన్నె నాచుల చుట్టమని తేలినది. తాటిమొవ్వను కుళ్ళించునది పుట్టగొడుగు దాయాది కాదు, సముద్రపు నాచు దాయాది. నేలపై అదే రీతి జీవనమునకు దిగుటచే అదే రూపము దాల్చినది.

పేరు మాఱినంతమాత్రమున రైతునకేమి యని యడుగవచ్చును. శిలీంధ్రములను చంపు మందులలో కొన్ని కైటిన్ తయారీని, కొన్ని శిలీంధ్రకణపు పొరలోని ప్రత్యేకమైన క్రొవ్వు తయారీని అడ్డగించును. ఫైటోఫ్తొరాకు ఆ తయారీలు అంతగా లేనందున అవి దానిపై పనిచేయవు. 1970ల చివర వచ్చిన మెటలాక్సిల్ అను మందు ఈ వంశముపై పనిచేయును, నిజమైన శిలీంధ్రములపై పనిచేయదు. మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము రెండింటిపైనను పనిచేయును గనుక పూర్వులకు ఈ భేదము తెలియకపోయినను పని గడచినది. నేడు గోదావరి మండలములలో కొబ్బరితోటలలో అంతరపంటగా వేయు కోకోకు కాయకుళ్ళు తెచ్చునది ఈ తాటితెగులు జీవియే. తప్పుమందు కొన్నవానికి సొమ్ము నష్టము, కాయయు నష్టము.

ఆసుపత్రులలో చిక్కు ఇంతకంటె పెద్దది. 2009లో జపాను దేశమున ఒక రోగి చెవినుండి ‘కాండిడా ఆరిస్’ అను క్రొత్త శిలీంధ్రమును గుర్తించిరి. ప్రయోగశాలలందు వాడు మామూలు పరీక్షలు దీనిని వేఱొక కాండిడాగా పొరబడుచుండెను. దానికి సాధారణముగ వాడు మందునకు ఇది పెక్కుమాఱులు లొంగదు. జన్యువులను చదివిన పిదపనే మన దేశపు ఆసుపత్రులలోను ఇది యున్నదని తెలిసినది.

ఇంతమాత్రముచే జన్యుపరీక్ష సర్వజ్ఞమని తలచరాదు. ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియమ్ వంటి ప్రజాతులలో ఐ. టి. ఎస్. భాగమొక్కటే చాలదు; వేఱు జన్యువులను కూడ చదువవలెను. పోల్చిచూచుకొను పట్టికలలో తప్పు పేర్లతో చేరిన నమూనాలు కలవు. వ్రాతప్రతిపై తప్పుపేరున్న ఎంత చక్కగ చదివినను ప్రయోజనమేమి? నేటివఱకు పేరుపెట్టిన శిలీంధ్రములు సుమారు లక్షన్నర జాతులు. ఉండదగినవి 22నుండి 38 లక్షలని 2017లో ఇద్దఱు నిపుణులు అంచనా కట్టిరి. ఊరిమట్టి పిడికెడు తీసి అక్షరములు చదివిన, పేరు లేనివి, రూపమెవరును చూడనివి బయటపడుచున్నవి.

2013లో జరిగిన పరిశోధన యొకటి చెప్పెదను. ఐర్లండు కఱవునాటి దుంపతెగులు నేటి తెగుళ్ళలో ఏది యని చిరకాలముగ వాదము. ఇంగ్లండులోని క్యూ ఉద్యానమునను, జర్మనీలోని మ్యూనిక్ నగరమునను 1845–1896 నడుమ సేకరించిన తెగులుపట్టిన ఎండుటాకులు పొట్లములలో భద్రముగ నుండెను. పదునొకండు నమూనాలనుండి తునకలు తీసి అక్షరములు చదివిరి. కఱవు తెచ్చినది అంతవఱకు అనుమానించిన తెగ కాదని, దానికి దగ్గఱిదైన వేఱొక తెగయని తేలినది. ఆ ఆకులను దాచినవారికి డి. ఎన్. ఏ. పేరే తెలియదు. వారు చూచినది మచ్చ, బూజు, అంతే.

బట్లరు పూసాలో 1905లో ఇట్టి సంగ్రహమునే నెలకొల్పెను. 1934 నాటి బీహారు భూకంపమున పూసా భవనములు కూలిన పిదప ఆ పరిశోధనాలయము 1936లో ఢిల్లీకి తరలినది. సంగ్రహమును దానితోడనే తరలినది. నేడు భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో నున్నది. ఇట్టి పొట్లములపై తెగులు సోకిన మొక్క పేరు, ఏరిన ఊరు, తేది, ఏరినవారి పేరు చేతితో వ్రాసియుండును. అవి వ్రాయని పొట్లమును రూపపరీక్షకుడును తీసికొనడు, జన్యుపరీక్షకుడును తీసికొనడు.